సముద్రముపై ఇనుప బాట

మన చిలుకూరు ప్రాంతమునకు సముద్రము చాల దూరము. నాగార్జునసాగరు ఎడమ కాలువయే మనకు తెలిసిన పెద్ద నీరు. అయినను తుప్పును ఎరుగనివారు మనలో లేరు. వానలో మరచిన నాగలి కర్రు కొద్ది దినములకే ఎఱ్ఱబారుటను అందరము చూచినవారమే. మంచినీటికే ఇట్లగు ఇనుము, ఉప్పునీటి నడుమ ఏండ్ల తరబడి మనుష్యుల బరువును ఎట్లు మోయగలదో విద్యార్థులకు తెలుపుట మా ఉద్దేశము.

విశాఖపట్టణమున నిర్మింపబడిన "జలఉష" నౌక 1948 మార్చి 14న జలప్రవేశము చేసినది. కోనసీమ తీరమున, సురసానియానము ఎదుటి సముద్రములో, 1987లో కనుగొనబడిన రవ్వ చమురు క్షేత్రపు వేదికలు నిలిచియున్నవి. ఇట్టి వేదికలపైనను, నౌకల యంత్రశాలలలోను నడకదారులను తరచుగా రేకుతో గాక జాలీలతో అమర్చెదరు. వీనినే గ్రేటింగు లందురు. నిలువంచున వరుసగా నిలిపిన పట్టీలు బరువును మోయును. అడ్డుకడ్డీలు వానిని కదలకుండ పట్టియుంచును. అలల నీరు నిలువక క్రిందికి జారును, గాలి దూసికొనిపోవును, బరువు తగ్గును. పట్టీల పైయంచున ఱంపపు పండ్లవలె గంట్లు పెట్టినచో నూనె పడినచోట కూడ కాలు జారదు.

అయితే మేలు చేయు ఆ సందులే కీడునకును దారి. రేకుకన్న జాలీకి గాలి, ఉప్పునీరు తగులు వైశాల్యము హెచ్చు. ఇనుము తుప్పుపట్టుటకు నీరు, ప్రాణవాయువు రెండును కావలెను. సముద్రజలమున నూటికి సుమారు మూడున్నర పాళ్లు లవణము లుండుటచే అది విద్యుత్తును సులభముగా ప్రవహింపనిచ్చును. అందుచే తుప్పు త్వరపడును. నిత్యము మునిగియున్న భాగముకన్న అలల తుంపర పడి ఆరి, మరల తడియు భాగమే మిక్కిలి చెడును.

దీనికి ముఖ్యముగా మూడు ఉపాయములు కలవు. మొదటిది, మన ఇండ్లలోని జి.ఐ. బక్కెట్టువలె ఉక్కుకు జింకు పూత వేయుట. సుమారు 450 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కరగిన జింకులో జాలీని ముంచెదరు. పూతపై గీత పడినను జింకు తాను ముందుగా కరగిపోయి ఉక్కును కాపాడును. రెండవది స్టెయిన్‌లెస్ స్టీలు. అందలి క్రోమియము కంటికి కనబడని పలుచని పొరగా ఏర్పడి రక్షించును. లవణములోని క్లోరైడు ఆ పొరను ఛేదించును గనుక, సముద్రమున వాడు 316 రకములో నూటికి రెండు మూడు పాళ్లు మాలిబ్డినము కూడ కలిపెదరు. మూడవది అల్యూమినియము. దానికి తన ఆక్సైడు పొరయే కవచము. బరువును ఉక్కులో సుమారు మూడవ వంతే.

ఇవి యన్నియు తుప్పును ఆలస్యము చేయును గాని శాశ్వతముగా నివారింపవు. జింకు నానాటికి తరిగిపోవును. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఇరుకు సందులలో గుంటలు పడును. అల్యూమినియపు జాలీని ఉక్కు దూలముపై నేరుగా బిగించినచో, ఉప్పునీరు తగిలి అల్యూమినియమే ముందుగా చెడును. కావున నడుమ విద్యుత్తు ప్రవహింపని పొరను వేయవలెను. జింకు పూత వేసిన జాలీని కోసినచోట, వెల్డింగు చేసినచోట మరల పూత వేయుట తప్పనిసరి.

ఇందు పట్టింపవలసినది డబ్బు మాత్రమే కాదు. పైన మెరయుచున్న జాలీని పట్టియుంచు క్లిప్పు క్రింద తుప్పుతో తెగియుండవచ్చును. చీకటిలో దానిపై అడుగిడు కార్మికునికి క్రింద నున్నది సముద్రము. గల్ఫు దేశములకు పనికై పోవు తెలుగు యువకులలో కొందరికి ఇట్టి జాలీలే నిత్యము నడచు దారులు. కావున లోహమును ఎన్నుకొనుట ఎంత ముఖ్యమో, ప్రతి క్లిప్పును, ప్రతి అతుకును క్రమము తప్పక పరీక్షించుట అంత ముఖ్యము.

రసాయనశాస్త్ర పాఠములో తుప్పు ఒక సమీకరణము మాత్రమే. ఆ సమీకరణముపై ఒకరి ప్రాణము నిలిచియున్నదని తెలిసి చదివిన విద్యార్థి, రేపు ఇంజనీరైనను, ఫిట్టరైనను, తన చేతి పనిని తేలికగా తీసికొనడని మా నమ్మకము.