చేతిలో ఫోను... పొయ్యి మీద వేపుడు!

ఇంట్లో పెట్టిన వడియాలూ, అప్పడాలూ, కారప్పొడులూ ఫోన్‌లో అమ్ముతున్నారా? అయితే ఈ అవస్థలు మీకు కొత్త కాదు. వేపుడు కలుపుతుంటే "పావుకిలో ఎంతండీ?" అని మెసేజి. జవాబిచ్చేలోగా కూర మాడుతుంది. అన్ని ధరలూ అడిగినావిడ "మావారినడిగి చెబుతా"నని మాయమవుతుంది. ప్యాకింగ్‌కి కూర్చోగానే "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త కాఫీ పెట్టు" అంటారు ఇంట్లోవాళ్ళు.

పనికి వేళంటూ లేకపోవడమే అసలు చిక్కు. రోజూ రెండు గంటలు దీనికే కేటాయించండి. మిగతా వేళల్లో వాట్సాప్ బిజినెస్‌లో దానంతటదే జవాబు వెళ్ళేలా పెట్టుకోండి.

చేతికొచ్చిన లాభం జారిపోయే చోట్లు మరో మూడు:

* చాలా కొరియర్లు అట్టపెట్టె కొలతలను బట్టి కూడా బరువు కడతాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5000తో భాగిస్తారు. 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టెలో కిలో వడియాలే ఉన్నా 3 కిలోల చార్జీ పడుతుంది! పెట్టె చిన్నదే వాడండి.

* "డబ్బు పంపుతాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే అది మోసమే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

* సరుకు అందాక డబ్బిచ్చేవాళ్ళు పార్సెల్ వద్దంటే, రానుపోను ఖర్చు మీదే. కొత్తవాళ్ళ దగ్గర కొరియర్ చార్జీ అయినా ముందే తీసుకోండి.

అమ్మకాల డబ్బు కూరగాయల డబ్బులో కలపకండి. విడిగా ఓ పుస్తకంలో రాయండి. నెలాఖరున ఆ లెక్క చూపిస్తే "ఖాళీగా ఉన్నావుగా" అనే మాట ఇంట్లో మళ్ళీ వినపడదు!