బొప్పాయి గింజల పొడి మగవాళ్లకి గర్భనిరోధకమా? అసలు విషయం ఇదీ

మన బుచ్చయ్యపేట వైపు పెరట్లో బొప్పాయి చెట్టంటే కొత్తేం కాదు. ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, ఆ గింజలే ఎండబెట్టి పొడి కొట్టి, "మగాడు రోజూ ఓ చెంచా తింటే కండోమ్ అక్కర్లేదు" అని చెప్పేవాళ్లు కనిపిస్తున్నారు. "అన్నా, ఇది నిజమేనా?" అని నన్ను చాలామందే అడిగారు. సిగ్గు పక్కన పెట్టి మాట్లాడుకుందాం.

ఏటంటే, దీన్ని మొత్తం అబద్ధమని కొట్టిపారేయలేం. అక్కడే వచ్చింది చిక్కు. జైపూర్‌లోని రాజస్థాన్ విశ్వవిద్యాలయంలో ఎన్.కె. లోహియా బృందం బొప్పాయి గింజల సారాన్ని కొండముచ్చులకిచ్చి చూసింది. మూడు నెలలయ్యేసరికి వాటి వీర్యంలో కణాలు కనబడలేదు. మందు ఆపాక కొన్ని నెలలకి మళ్లీ వచ్చాయి. 2002లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. రీల్స్ వాళ్లు ఇంతవరకే చెప్పి ఆపేస్తారు. కానీ అది కొండముచ్చుల మీద చేసిన పరీక్ష. పైగా వాటికిచ్చింది పెరట్లో ఎండబెట్టిన పొడి కాదు, ల్యాబ్‌లో క్లోరోఫామ్‌తో తీసిన సారం, అదీ బరువుని బట్టి కొలిచి. మీ చెంచాడు పొడిలో ఆ పదార్థం ఎంతుందో ఎవడు కొలిచాడు?

ఇంకోటి. మన ఒంట్లో వీర్యకణం తయారవడానికే దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. అంటే తయారీని ఆపే మందు ఏదైనా సరే, ఇవాళ తింటే ఇవాళ పనిచేయదు. లోపల ముందే తయారైనవి ఉంటాయి కదా. "వారంలో రిజల్ట్" అని ఎవరైనా అంటే వీడియో అక్కడే ఆపేయండి.

మరి మనుషుల మీద గట్టిగా పరీక్షించిన మొక్క మందు అసలుందా అంటే, ఉంది. పత్తి గింజ. చైనాలో 1950ల్లో శుద్ధి చేయని పత్తిగింజల నూనె వాడిన పల్లెల్లో పిల్లలు పుట్టడం లేదని గమనించారు. కారణం గింజలోని గాసిపాల్ అనే పదార్థం. 1970ల్లో ఎనిమిది వేల మందికి పైగా మగవాళ్లకి దాన్ని మాత్రలుగా ఇచ్చారు. బాగానే పనిచేసింది! కానీ కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయి కాళ్లూ చేతులూ నీరసించాయి. అంతకన్నా పెద్ద దెబ్బ, మాత్రలు మానేశాక కూడా కొంతమందికి వీర్యకణాలు తిరిగి రాలేదు. చివరికి 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ దారి వద్దనేసింది. (కంగారు పడకండి, షాపులో దొరికే రిఫైండ్ పత్తిగింజల నూనెలో గాసిపాల్‌ని తీసేస్తారు.)

చూశారా, కణాలని ఆపడం ఒక్కటే కాదు అసలు పరీక్ష. ప్రతిసారీ ఆపాలి, మనం కావాలన్నప్పుడు తిరిగి రావాలి, ఈలోపు ఒంటికి ఏమీ కాకూడదు. ఈ మూడూ నెగ్గి మార్కెట్లోకొచ్చిన మూలికా మందు మగవాళ్లకి ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. ఆయుర్వేదం పేరు పెట్టి అమ్మినా, నాటు వైద్యం అన్నా మాట మారదు.

ఇక్కడ నాకు కోపమొచ్చే విషయం ఒకటుంది. పొడి నమ్ముకునేది అతను, నెల తప్పేది ఆమె. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. మన రాష్ట్రంలో పెళ్లయిన 15–49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 70% మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ లెక్క 0.5% కూడా లేదు.

ఇప్పటికే పొడిని నమ్మి కలిసి ఉంటే, 72 గంటల్లోపు ఆమె ఎమర్జెన్సీ మాత్ర వేసుకోవచ్చు. ఎంత ముందైతే అంత మంచిది. ఆశా అక్కని అడగండి. ముందు ముందు పిల్లలు కావాలనుకునే కుర్రాళ్లకి కండోమే దారి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు. పిల్లలు చాలనుకున్న అన్నలకి కోత లేని వేసక్టమీ ఉంది. పావుగంట పని, కుట్లుండవు, అదేరోజు ఇంటికొచ్చేయొచ్చు. మగతనం తగ్గిపోతుందన్నది ఉత్త మాట. హార్మోను రక్తంలోకి వెళ్తుంది, కత్తిరించేది కణాలు వెళ్లే గొట్టాన్ని మాత్రమే. అయితే ఆపరేషనయిన వెంటనే ధీమా పడొద్దు. మూడు నెలల తర్వాత వీర్యం పరీక్షలో కణాలు లేవని తేలేదాకా కండోమ్ వాడాల్సిందే. చాలామంది ఎగ్గొట్టేది ఆ పరీక్షనే.