'ఉంటున్నాను': నివాసాన్ని ఇంగ్లీషులో చెప్పడం

నల్గొండ జిల్లా నుంచి వచ్చి, అబిడ్స్‌లోని ఒక దుకాణంలో పనిచేస్తూ, నాంపల్లిలో గది తీసుకున్న విద్యార్థిని ఊహించుకోండి. అతనూ, నాంపల్లిలో సొంత ఇల్లున్నవారూ, వారం రోజులకు అక్కడి చుట్టాలింటికి వచ్చినవారూ 'నాంపల్లిలో ఉంటున్నాను' అనే అంటారు. ఇంగ్లీషులో ఈ ముగ్గురికీ మాట మారుతుంది.

1. ఎంతకాలం?

స్థిరనివాసమైతే 'ఐ లివ్ ఇన్ నాంపల్లి'. పని కోసం కొంతకాలమే అయితే 'ఐ యామ్ లివింగ్ ఇన్ నాంపల్లి'. కొద్దిరోజుల బసకు 'ఐ యామ్ స్టేయింగ్ విత్ మై అంకుల్'. మన దేశంలో 'వేర్ డు యు స్టే?' అని నివాసాన్నే అడుగుతారు. అదే ప్రశ్న ఒక అమెరికన్‌ను అడిగితే, ఏ హోటల్లో దిగారని అడుగుతున్నట్లు అనుకోవచ్చు.

'రెండేళ్లుగా ఉంటున్నాను' అనడానికి 'ఐ యామ్ స్టేయింగ్ సిన్స్ టూ ఇయర్స్' అనకండి. 'ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ టూ ఇయర్స్' అనండి. మొదలైన సమయం చెప్పేటప్పుడే 'సిన్స్' వాడాలి: 'సిన్స్ 2022'.

2. ఎక్కడ?

ప్రాంతానికి 'ఇన్ అబిడ్స్', రోడ్డుకు 'ఆన్ స్టేషన్ రోడ్', ఇంటి నంబరుకు 'ఎట్'. 'స్టేషన్ ఎదురుగా' అనడానికి 'ఆపోజిట్ ద స్టేషన్' చాలు, 'టు' అవసరం లేదు. నాంపల్లి స్టేషన్‌కు రైల్వేవారి పేరు హైదరాబాద్ దక్కన్. కొత్తవారికి దారి చెప్పేటప్పుడు రెండు పేర్లూ చెప్పండి.

3. ఎలా?

ఒకే ఇంట్లో అద్దెకిచ్చే భాగాన్ని మనం 'పోర్షన్' అంటాం. బయటి దేశాలవారిలో చాలామందికి ఈ వాడుక తెలియదు. వారితో 'ఐ రెంట్ పార్ట్ ఆఫ్ ఎ హౌస్' అనండి. గదిని మరొకరితో పంచుకుంటే 'ఐ షేర్ ఎ రూమ్ విత్ ఎ ఫ్రెండ్'.

ఇప్పుడు మన విద్యార్థి ఇంటర్వ్యూలో ఇలా చెప్పగలడు: 'ఐ యామ్ ఫ్రమ్ నల్గొండ. ఐ వర్క్ ఇన్ అబిడ్స్ అండ్ షేర్ ఎ రూమ్ ఇన్ నాంపల్లి.'

దరఖాస్తులోనూ ఈ తేడా పాటించాలి. 'పర్మనెంట్ అడ్రస్' దగ్గర సొంత ఊరు రాయండి. 'అడ్రస్ ఫర్ కరెస్పాండెన్స్' దగ్గర ఉత్తరం మీ చేతికందే చిరునామా రాయండి. అక్కడ కూడా ఊరి చిరునామాయే రాస్తే, ఇంటర్వ్యూ పిలుపు ఊరికి చేరుతుంది. మీకు తెలిసేలోగా తేదీ దాటిపోవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ సొంత ఊరు, ప్రస్తుత నివాసం, అక్కడ ఎంతకాలంగా, ఎవరితో ఉంటున్నారు అనే విషయాలను నాలుగు ఇంగ్లీషు వాక్యాల్లో రాయండి.