వెండి ఫిల్లింగులు: ఎప్పుడు తీయించాలి, ఎలా తీయించాలి



గత ఏడాది ఒక పెద్దమ్మ సాయం కోరుతూ మా దగ్గరకు వచ్చింది. "బేటా, నా పళ్లలో నాలుగు వెండి ఫిల్లింగులున్నాయి. వాటిలో పాదరసం ఉందట, విషమట. నాలుగూ తీయించుకోమన్నారు. డబ్బు ఎక్కడిది?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. దంతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాం. మూడు గట్టిగానే ఉన్నాయి. ఒకటి పగిలి, దాని కింద పన్ను పుచ్చింది. ఆ ఒక్కటే మార్పించాం. మిగిలిన డబ్బు ఇద్దరు పిల్లల పిప్పిపళ్ల వైద్యానికి సరిపోయింది.

ఆమె విన్న మాటలో సగం నిజమే. ఈ ఫిల్లింగును అమాల్గమ్ అంటారు. దాని బరువులో దాదాపు సగం పాదరసం. మిగతాది వెండి, తగరం, రాగి. నమిలినప్పుడు కొద్దిపాటి ఆవిరి వస్తుంది. కానీ ఫిల్లింగును తొలిచేటప్పుడు అంతకన్నా ఎక్కువ ఆవిరి వస్తుంది, మంచి పన్ను కూడా కొంత అరిగిపోతుంది. అందుకే బాగున్న ఫిల్లింగును వైద్య అవసరం లేకుండా తీయించవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2020లో చెప్పింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఆరేళ్లలోపు పిల్లలు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కొత్తగా అమాల్గమ్ పెట్టించుకోకపోవడం మంచిదని కూడా సూచించింది.

మరి దేశాలు దీన్ని ఎందుకు మానుతున్నాయి? ముఖ్యంగా నీళ్ల కోసం, నేల కోసం. జపాన్‌లోని మినమాటాలో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల ద్వారా మనుషుల్లోకి చేరి వేలమందిని రోగులను చేసింది. ఆ ఊరి పేరుతోనే 2013లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2018లో మన దేశమూ అందులో చేరింది.

ఫిల్లింగు పగిలినా, వదులైనా, అంచున పన్ను పుచ్చినా మార్పించాల్సిందే. అప్పుడు వైద్యుడిని ఈ నాలుగు విషయాలు అడగండి:

1. పన్ను చుట్టూ రబ్బరు తెర బిగిస్తారా?
2. నీళ్లు చల్లుతూ, గట్టిగా పీల్చే సక్షన్ గొట్టం పెడతారా?
3. పొడి చేయకుండా ముక్కలుగా కోసి తీస్తారా?
4. ఆ ముక్కలను సింకులో పారేయకుండా మూత ఉన్న డబ్బాలో వేస్తారా?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు అత్యవసరం కాకపోతే ఆగడం మేలు. తీసిన చోట పన్ను రంగు కాంపోజిట్ గానీ, సిమెంట్ ఫిల్లింగు గానీ పెడతారు. పన్ను చాలావరకు పోయి ఉంటే క్యాప్ వేస్తారు.

మీరిచ్చే ప్రతి రూపాయీ మా చేతుల్లో అమానత్. అందుకే ఫిల్లింగు మార్పించాలని ఎవరు వచ్చినా ముందు ఎక్స్‌రే, ఆ తర్వాత వైద్యుడు రాసిచ్చిన కారణం చూస్తున్నాం. భయంతో తీయించే నాలుగు ఫిల్లింగుల ఖర్చు, నొప్పితో నిద్రపోని ఒక బిడ్డకు అందాల్సిన వైద్యం. మీ ఇంట్లోనూ, మీ వీధిలోనూ ఈ మాట నలుగురికీ చెప్పండి. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.