లినక్స్ ల్యాప్‌టాప్ వైఫై పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ అడుగుతోందా? కారణం ఇదీ, పరిష్కారం ఇదీ

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌ను మూలన పడేయడం ఇష్టం లేనివాళ్లకు ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి మంచి దారి. పైసా ఖర్చు లేదు, పిల్లల చదువుకు బాగానే సరిపోతాయి. అయితే కొన్ని ఇళ్లలో ఒక చిన్న చికాకు మొదలవుతుంది. ల్యాప్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ వైఫై కోసం పాస్‌వర్డ్ అడుగుతుంది. అది అబ్బాకు మాత్రమే తెలుసు, ఆయనేమో దుకాణానికి వెళ్లిపోయారు. ఇక్కడ అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు టైమ్ దాటిపోతుంటుంది.

చాలాసార్లు ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ మర్చిపోయి ఉండదు. దాన్ని తాళం వేసి దాచి, తాళంచెవి కోసం అడుగుతుంటుంది.

తాళం సంగతి ఏమిటి?

లినక్స్‌లో వైఫై వ్యవహారాలు చూసే ప్రోగ్రామ్ పేరు నెట్‌వర్క్‌మేనేజర్. అది పాస్‌వర్డ్‌ను రెండు చోట్లలో ఒకచోట దాస్తుంది. మొదటిది వాడేవారి సొంత 'కీరింగ్', అంటే తాళాల గుత్తి లాంటిది. కేడీఈ డెస్క్‌టాప్‌లో దీన్నే కేవాలెట్ అంటారు. రెండోది మొత్తం సిస్టమ్‌కు చెందిన ఫోల్డర్. దాన్ని అడ్మిన్ అధికారం ఉన్నవాళ్లే తెరవగలరు.

కీరింగ్‌ను తెరిచేది లాగిన్ పాస్‌వర్డే. లాగిన్ అవుతూ దాన్ని టైప్ చేయగానే గుత్తి కూడా తెరుచుకుంటుంది, వైఫై దానంతటదే కలుస్తుంది. ఆన్ చేయగానే పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకునేలా 'ఆటోమేటిక్ లాగిన్' పెట్టుకుంటే మాత్రం గుత్తికి తాళంచెవి అందదు. అప్పుడు 'లాగిన్ కీరింగ్ అన్‌లాక్ కాలేదు' అనే అర్థంతో ఒక పెట్టె వస్తుంది. అందులో కొట్టాల్సింది వైఫై పాస్‌వర్డ్ కాదు, లాగిన్ పాస్‌వర్డ్. చాలామంది తికమకపడేది ఇక్కడే.

కుటుంబమంతా వాడే ల్యాప్‌టాప్ అయితే

ఉబుంటులో సెట్టింగ్స్ తెరిచి వైఫైలోకి వెళ్లాలి. ఇంటి నెట్‌వర్క్ పేరు పక్కనున్న పళ్లచక్రం గుర్తు నొక్కాలి. 'డీటెయిల్స్' ట్యాబ్‌లో 'కనెక్ట్ ఆటోమేటికల్లీ', 'మేక్ అవైలబుల్ టు అదర్ యూజర్స్' అనే రెండు గడుల్లోనూ టిక్ ఉండాలి. తర్వాత 'సెక్యూరిటీ' ట్యాబ్‌లో పాస్‌వర్డ్ గడి చివర ఉన్న చిన్న గుర్తు నొక్కితే ఎక్కడ దాచాలో ఎంచుకోవచ్చు: ఈ యూజర్‌కు మాత్రమే, యూజర్లందరికీ, లేదా ప్రతిసారీ అడగాలి అని. 'ప్రతిసారీ అడగాలి' అని ఉంటే సమస్య అక్కడే ఉన్నట్టు. 'యూజర్లందరికీ' ఎంచుకుని, పాస్‌వర్డ్ టైప్ చేసి అప్లై నొక్కితే సరి. లినక్స్ మింట్‌లో 'నెట్‌వర్క్ కనెక్షన్స్' అనే కిటికీలో ఇవే ఎంపికలు కనిపిస్తాయి.

ఇందులో ఇంకో లాభం ఉంది. పిల్లలకు అడ్మిన్ అధికారం లేని మామూలు అకౌంట్ ఇస్తే నెట్ మాత్రం వాడుకుంటారు, దాచిన పాస్‌వర్డ్‌ను చూడాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. అది గల్లీలోని స్నేహితులందరికీ పాకే భయం తగ్గుతుంది.

దీనికి ఒక ఖరీదు కూడా ఉంది

ఇలా దాచిన పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. ల్యాప్‌టాప్ దొంగల పాలైతే, డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలించి చదివేయొచ్చు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఎంచుకుంటే ఆ ప్రమాదం ఉండదు. రిపేరుకు ఇచ్చే ముందో, అమ్మే ముందో ఆ నెట్‌వర్క్‌ను 'ఫర్గెట్' చేయడం మంచిది. ఆఫీసు వైఫై పాస్‌వర్డ్‌ను మాత్రం కీరింగ్‌లోనే ఉంచి, ఆటోమేటిక్ లాగిన్ తీసేయడం మేలు. ఈ గొడవ ఎందుకని కీరింగ్‌కు ఖాళీ పాస్‌వర్డ్ పెట్టేవాళ్లూ ఉంటారు. అలా చేస్తే వైఫైదే కాదు, ఆ గుత్తిలో దాచిన మిగతా పాస్‌వర్డ్‌లకూ తాళం లేనట్టే.

అయినా అడుగుతుంటే?

లాగిన్ పాస్‌వర్డ్‌ను రికవరీ మోడ్‌లో మార్చి ఉంటే కీరింగ్‌కు పాత తాళమే మిగిలిపోతుంది. 'పాస్‌వర్డ్స్ అండ్ కీస్' అనే యాప్‌లో 'లాగిన్' మీద రైట్ క్లిక్ చేసి, పాతది కొట్టి కొత్తది పెట్టుకోవచ్చు. పాతది గుర్తులేకపోతే ఆ కీరింగ్‌ను తొలగించడమే దారి. దాంట్లో దాచినవన్నీ పోతాయని తెలిసే ఆ పని చేయాలి.

లినక్స్‌ను ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ మీంచే నడిపిస్తుంటే, మామూలుగా షట్‌డౌన్ చేయగానే అన్నీ చెరిగిపోతాయి. హాస్టల్, కాలేజీ వైఫైలో బ్రౌజర్ పేజీ తెరుచుకుని అడిగే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ నెట్‌వర్క్‌మేనేజర్ పరిధిలోకి రావు. వాటిని బ్రౌజర్‌లోనే సేవ్ చేసుకోవాలి.

సిగ్నల్ బలహీనంగా ఉన్నా పాస్‌వర్డ్ పెట్టె రావచ్చు. కంగారుపడి వేరే ఏదో కొట్టేస్తే, దాచి ఉంచిన సరైన పాస్‌వర్డ్ స్థానంలో తప్పుది చేరే ప్రమాదముంది. ముందు 'క్యాన్సిల్' నొక్కి, రౌటర్ దగ్గరికి వెళ్లి మరోసారి ప్రయత్నించండి. అక్కడ కలిసిపోతే పాస్‌వర్డ్ తప్పేమీ లేదు, సిగ్నల్ సంగతే చూసుకోవాలి.