కల్లు పులియుట

కల్లు తాటి, ఈత చెట్ల నుండి తీసిన తీపి రసము పులియగా ఏర్పడే పానీయము. 2016లో అప్పటి మహబూబ్ నగర్ జిల్లా విభజనతో ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో గీత కార్మికులు దీనిని సేకరిస్తారు.

లొట్టిలోని రసములో సహజముగా చేరు ఈస్టు, చక్కెరను ఆల్కహాలుగాను, కార్బన్ డయాక్సైడుగాను మార్చును. ఈ వాయువు వలననే నురగ పొంగును. సీసాకు బిరడా గట్టిగా బిగించినచో పీడనమునకు పగిలిపోవచ్చును. లొట్టి లోపల సున్నము పూసినచో పులియుట నిలిచి నీరా లభించును. ఎండ వేడిమికి పులియుట త్వరపడును. ఒక రోజు దాటిన పిదప ఎసిటిక్ ఆమ్లము పెరిగి కల్లు పుల్లబడును.

నురగ స్వచ్ఛతకు గుర్తు కాదు. క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్ వంటి మత్తు మందులు కలిపిన కల్తీ కల్లు ప్రాణాంతకము కాగలదు. దానికి అలవాటుపడినవారు అకస్మాత్తుగా మానినచో మూర్ఛలు, మతిభ్రమణము కలుగవచ్చును. కావున వైద్యుని పర్యవేక్షణ అవసరము.