సముద్రం అడుగున పొగగొట్టాలు

మన అల్వాల్‌ది గ్రానైట్ నేల, సముద్రానికి ఎంతో దూరం. అయినా సముద్రం అడుగున పుట్టే రాళ్ల గురించి మనమూ తెలుసుకోవాలి. హిందూ మహాసముద్రంలో 10,000 చదరపు కిలోమీటర్ల మేర సల్ఫైడ్ ఖనిజాలను అన్వేషించడానికి 2016లో మన దేశం ఒప్పందం చేసుకుంది.

సముద్రపు నీరు పగుళ్లలోకి దిగి, శిలాద్రవం వేడికి 350 డిగ్రీల సెల్సియస్ దాకా కాగి, రాళ్లలోని లోహాలను కరిగించుకొని పైకి చిమ్ముతుంది. చల్లని నీరు తగలగానే ఆ లోహాలు పేరుకొని పొగగొట్టాల్లా నిలుస్తాయి. ఇలా నల్లని పొగ చిమ్మేవాటిని 1979లో పసిఫిక్‌లో తొలిసారి చూశారు. 2024 డిసెంబరులో మన శాస్త్రవేత్తలు హిందూ మహాసముద్రంలో 4,500 మీటర్ల లోతున ఇలాంటి వేడినీటి బుగ్గను ఫొటో తీశారు.

వీటిలో ఇనుము, రాగి, జింకు ఎక్కువ. కానీ పప్పుచారులో ఇంగువలాగా, టన్నుకు కొన్ని గ్రాములే ఉండే సూక్ష్మ మూలకాలు రాయి పుట్టుక చెబుతాయి. రాగితో సెలీనియం, కోబాల్ట్ ఎక్కువుంటే సాధారణంగా అది బాగా వేడి చోట పుట్టిందని గుర్తు. జింకుతో కాడ్మియం, ఆంటిమొనీ ఉంటే తక్కువ వేడిలో పుట్టిందన్నమాట. ఆర్సెనిక్ ఉంటే, తవ్వినప్పుడు నీటిలో కలిసి అక్కడి ప్రాణులకు ముప్పు కావచ్చు. అందుకే తవ్వకం కన్నా ముందు పరీక్ష ముఖ్యం.

రాళ్లలో ఇంత సూక్ష్మంగా కొలిచే ప్రయోగశాలలు మన ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలోనే ఉన్నాయి. సైన్స్ చదివే తమ్ముళ్లూ, ఈ దారీ మనకు తెరిచే ఉంది!